“ఇష్టపడే వచ్చారా?” అన్న ఒక్క ప్రశ్నతోనే కేసు పోతుంది

ఇన్ని దేశాల్లో చట్టాలు ఉన్నాయి, ఐక్యరాజ్యసమితి ఒప్పందం కూడా ఉంది, అయినా మనుషుల అక్రమ రవాణా ఎందుకు ఆగడం లేదు, ప్రభుత్వాలు నిజంగా ఏమైనా చేస్తున్నాయా అని అడిగారు. నేను పోలీసును కాను, లాయర్‌ని కాను. ఇలా అక్రమ రవాణాకి గురై బయటపడ్డవాళ్ళను ఉంచే ఒక షెల్టర్‌లో ఆరేళ్ళు దుబాసీగా, అంటే ఇంటర్‌ప్రెటర్‌గా పనిచేశాను. అధికారులు వాంగ్మూలం తీసుకునేటప్పుడు ఇటు మాట అటు, అటు మాట ఇటు చెప్పడం నా పని. అక్కడ కూర్చుని చూసినదాన్ని బట్టి జవాబు చెబుతాను. ఎవరినీ గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను.

ఈ పనిలో ఒక నియమం ఉంది. ఎదుటి మనిషి “నేను” అంటే దుబాసీ కూడా “నేను” అనే చెప్పాలి. “ఆమె ఇలా అంటోంది” అనకూడదు. అందుకే నా మొదటి ఏడాదిలో జరిగిన ఒక విషయం ఇప్పటికీ నా నోటి మాటగానే గుర్తుంది. ఇంటిపనికని వేరే దేశం వెళ్ళిన ఒకావిడ పద్నాలుగు నెలలు జీతం లేకుండా చాకిరీ చేసింది. ఒకరోజు చెత్త పారేయడానికి బయటికొచ్చి, అలాగే నడుచుకుంటూ వచ్చేసింది. అధికారి అడిగిన మొదటి ప్రశ్న, “మీరు ఇష్టపడే వచ్చారా?” ఆవిడ “అవునండీ, ఇష్టపడే వచ్చాను” అంది. నేను అదే చెప్పాను. ఆయన రాసుకున్నారు. “తలుపుకి తాళం వేసేవారా?” “లేదండీ.” అదీ చెప్పాను. అరగంటలో అంతా అయిపోయింది. ఫైల్లో ఆవిడ బాధితురాలు కాదు, వీసా గడువు దాటినా ఉండిపోయిన మనిషి.

ఆవిడ దేనికి ఇష్టపడిందో ఎవరూ అడగలేదు. రోజుకి ఎనిమిది గంటల పనికి, వారానికి ఒక సెలవుకి, నెలనెలా ఇంటికి డబ్బు పంపడానికి ఇష్టపడింది. దిగిన రోజే పాస్‌పోర్ట్ “మేం జాగ్రత్త చేస్తాం” అని తీసేసుకున్నారు. టికెట్ డబ్బులు, ఏజెంటుకి కట్టిన డబ్బులు తీరేదాకా జీతం లేదన్నారు. ఎంత తీరిందో, ఇంకా ఎంత ఉందో లెక్క ఎప్పుడూ చూపించలేదు. గడప దాటితే పోలీసులు పట్టుకుని లోపలేస్తారని రోజూ చెప్పేవారు. ఘోరమేమిటంటే ఆ మాట అబద్ధం కాదు. యజమానిని వదిలి వెళ్ళిన పనిమనిషి మీద “పారిపోయింది” అని కేసు రాసే దేశాలు ఉన్నాయి. ఆ భయం ఉన్నచోట తలుపుకి తాళంతో పనేముంది?

నిజానికి అంతర్జాతీయ చట్టం ఆవిడ పక్షానే ఉంది. 2000లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఒప్పందాన్ని పాలెర్మో ప్రోటోకాల్ అంటారు. 2003 డిసెంబరు 25న అమల్లోకి వచ్చింది. ఇప్పుడు 180కి పైగా దేశాలు అందులో ఉన్నాయి. దాని ప్రకారం మూడు విషయాలు చూడాలి. ఒకటి, మనిషిని చేర్చుకోవడం, తరలించడం, ఉంచుకోవడం లాంటి పని. రెండు, దానికి వాడిన దారి, అంటే బలవంతం, బెదిరింపు, మోసం, నిస్సహాయతను వాడుకోవడం. మూడు, దోపిడీ చేయాలన్న ఉద్దేశం. మోసమో బలవంతమో జరిగిందని తేలితే, ఆ మనిషి ముందు ఒప్పుకున్నా ఆ ఒప్పుకోలు చెల్లదని మూడో అధికరణంలో స్పష్టంగా రాసి ఉంది. పిల్లల విషయంలోనైతే మోసం, బలవంతం కూడా చూపించనక్కర్లేదు. ఇది నాకు ఆ రోజు తెలియదు. తెలిసి ఉంటే ఏం చేయగలిగేదాన్నో కానీ, కనీసం వాంగ్మూలం అయ్యాక షెల్టర్ లాయర్‌కి అప్పుడే చెప్పి ఉండేదాన్ని. తెలిసేసరికి ఆవిడను తిప్పి పంపించేశారు. రావలసిన పద్నాలుగు నెలల జీతం రాలేదు, అప్పు మాత్రం అలాగే ఉండిపోయింది.

మనం వాడే మాట కూడా కొంత దారి తప్పిస్తుందని నాకు అనిపిస్తుంది. “అక్రమ రవాణా” అనగానే లారీలో కుక్కి తీసుకెళ్ళడం, రాత్రిపూట సరిహద్దు దాటించడం గుర్తొస్తాయి. దొంగతనంగా సరిహద్దు దాటించడం వేరే నేరం. దానికి అదే 2000లో విడిగా ఇంకో ప్రోటోకాల్ చేశారు. మనం మాట్లాడుకుంటున్న నేరంలో మనిషి ఊరు దాటకపోవచ్చు, లేదా సరైన వీసాతో విమానంలో కూర్చుని వెళ్ళి ఉండవచ్చు. “వెట్టి” అన్న పాత మాటే దీనికి దగ్గరగా ఉంది. అందులో రవాణా లేదు. అప్పు పేరు చెప్పో, భయపెట్టో, కూలి లేకుండా చేయించుకోవడమే ఉంది.

అంతర్జాతీయ కార్మిక సంస్థ, మరో రెండు సంస్థలు కలిసి వేసిన అంచనా ప్రకారం 2021లో ఏ రోజు చూసినా 2 కోట్ల 76 లక్షల మంది నిర్బంధ చాకిరీలో ఉన్నారు. వాళ్ళలో 63 లక్షల మంది వ్యభిచారంలోకి నెట్టబడ్డవాళ్ళు. ఇంటిపని, వ్యవసాయం, నిర్మాణం, ఫ్యాక్టరీలు, చేపల పడవల వంటి చోట్ల 1 కోటి 73 లక్షల మంది. ఇంకో 39 లక్షల మంది చేత చాకిరీ చేయిస్తున్నది ప్రభుత్వాలే. ఇది ఒక్క దొంగ ఏజెంట్ల పని అనుకునేవాళ్ళు ఈ చివరి అంకె దగ్గర ఒక్క క్షణం ఆగాలి. ప్రభుత్వాలు కాక ప్రైవేటువాళ్ళు చేయించే చాకిరీ మీద ఏటా 23,600 కోట్ల డాలర్ల అక్రమ లాభం వస్తోందని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2024లో చెప్పింది. ఇక అమెరికా విదేశాంగ శాఖ నివేదిక చూస్తే, 2023లో ప్రపంచం మొత్తం మీద గుర్తించిన బాధితులు సుమారు 1 లక్షా 34 వేలు, పడిన శిక్షలు సుమారు 7 వేలు. రెండు లెక్కలూ ఒకే కొలతతో వేసినవి కావు. అయినా పక్కపక్కన పెడితే, రెండు వందల మందిలో ఒక్కరు కూడా “బాధితులు” అన్న గుర్తింపుకి నోచుకోవడం లేదు. మిగతావాళ్ళలో ఎంతమంది “ఇష్టపడే వచ్చాను” అన్న మాట దగ్గర ఆగిపోయి ఉంటారో అని నేను తరచూ ఆలోచిస్తాను.

ప్రభుత్వాలు ఏం చేస్తున్నాయన్న మీ ప్రశ్నకి వస్తాను. చాలానే చేస్తున్నాయి, కానీ ఎక్కువగా లెక్కకి అందే పనులే చేస్తున్నాయి. అమెరికా 2000లో చట్టం చేసి, 2001 నుంచి ఏటా దేశాలకు ర్యాంకులు ఇస్తూ నివేదిక ఇస్తోంది. అట్టడుగు ర్యాంకు వస్తే కొన్ని రకాల సహాయం ఆగిపోవచ్చు. 2010 నుంచి తన పనితీరును కూడా అందులో చేర్చింది. ఈ ర్యాంకుల భయంతో చాలా దేశాల్లో చట్టాలు వచ్చాయి, అది మంచిదే. కానీ ర్యాంకు కోసం చూపించేవి దాడులు, అరెస్టులు. దాడి జరిగిన మర్నాడు ఆ మనిషి చేతిలో పాస్‌పోర్ట్ ఉందా, రావలసిన జీతం వచ్చిందా, ఇంటి దగ్గర అప్పులవాడు ఏమంటున్నాడు అనేవి అంత తేలిగ్గా పట్టికలోకి ఎక్కవు. షెల్టర్‌కి వచ్చినవాళ్ళు నన్ను మొదట అడిగింది న్యాయం గురించి కాదు. “నా అప్పు సంగతేంటి?” అనే.

ఈ విషయంలో నాకు బాగా నచ్చింది బ్రెజిల్ పద్ధతి. 1995 నుంచి అక్కడ కార్మిక ఇన్‌స్పెక్టర్లు, పోలీసులు, ప్రాసిక్యూటర్లు ఒకే బృందంగా పొలాలకు, బొగ్గు బట్టీలకు, పశువుల క్షేత్రాలకు వెళతారు. 2003లో చట్టం మార్చారు. బలవంతపు పని, ఒళ్ళు హూనమయ్యేంత పనిగంటలు, మనిషి ఉండలేని పరిస్థితులు, అప్పు పేరుతో కదలనివ్వకపోవడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా నేరమే. అంటే మనిషి ఇష్టపడి వచ్చాడా అని కాదు, అక్కడ ఎలా ఉంచారు అని చూస్తారు. బృందంలోని ఇన్‌స్పెక్టర్లు బకాయి జీతం లెక్కకట్టి యజమాని చేత కట్టిస్తారు. బయటపడ్డవాళ్ళకి మూడు నెలలు ప్రభుత్వం నిరుద్యోగ భృతి ఇస్తుంది. నేరం చేసిన యజమానుల పేర్లు ఒక జాబితాలో బయటపెడతారు, ఆ పేరున్నవాళ్ళకి బ్యాంకులు అప్పులు ఆపేస్తాయి. ఇప్పటిదాకా 60 వేల మందికి పైగా బయటపడ్డారు. యజమానులు జైలుకి వెళ్ళడం అక్కడా అరుదే, అది పెద్ద లోటు. అయినా ఆ మూడు నెలల భృతి విలువ నాకు తెలుసు. చేతిలో ఏమీ లేని మనిషి మళ్ళీ అదే ఏజెంటు దగ్గరికి వెళ్ళడం నేను చూశాను.

యూరప్ దేశాల మానవ హక్కుల సంస్థ కౌన్సిల్ ఆఫ్ యూరప్ (ఇది యూరోపియన్ యూనియన్ కాదు) 2005లో చేసిన ఒప్పందంలో కూడా ఇలాంటి మంచి విషయం ఒకటుంది. బాధితులు కావచ్చని అనుమానం వస్తే చాలు, కనీసం 30 రోజులు తేరుకునే గడువు ఇవ్వాలి, ఆ గడువులో దేశం నుంచి పంపించకూడదు. నేను చూసినంతవరకు మొదటి వారంలో ఎవరూ నిజం పూర్తిగా చెప్పరు. నిద్ర పట్టాలి, ఇంటికి ఒకసారి ఫోన్ చేయాలి, ఈ గదిలో ఎవరూ తిట్టరని నమ్మకం కలగాలి. ఆ తర్వాతే మాట బయటికొస్తుంది.

2022 తర్వాత మా షెల్టర్‌కి వచ్చేవాళ్ళు మారిపోయారు. చదువుకున్న కుర్రాళ్ళు. డేటా ఎంట్రీ ఉద్యోగం, ఆన్‌లైన్‌లో ఇంటర్వ్యూ, చేతికి టికెట్. చేరింది మాత్రం మయన్మార్‌లో మ్యావడీ చుట్టుపక్కలనో, కంబోడియాలోని సిహనూక్‌విల్‌లోనో గోడలు కట్టిన కాంపౌండ్లకి. అక్కడ పని, ఫోన్లో పరిచయాలు పెంచుకుని జనాన్ని పెట్టుబడుల పేరుతో ముంచడం. టార్గెట్ రాకపోతే కొట్టడం, కరెంటు షాకులు. మయన్మార్‌లో కనీసం 1 లక్షా 20 వేల మంది, కంబోడియాలో సుమారు లక్ష మంది ఇలా చిక్కుకుని ఉండవచ్చని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2023 ఆగస్టులో చెప్పింది. వాళ్ళలో ఒక కుర్రాడు నాతో అన్న మాట మర్చిపోలేను. “అక్కా, నేను ఎంతోమందిని ముంచాను. నన్ను బాధితుడని రాస్తే, నేను ముంచినవాళ్ళని ఏమని రాస్తారు?” నియమం ప్రకారం అది కూడా నేను “నేను ఎంతోమందిని ముంచాను” అనే చెప్పాలి. చెప్పాను. అధికారి పెన్ను ఆగింది. కానీ ఆయన మంచివారు, తర్వాతి ప్రశ్న “చేయనంటే ఏమయ్యేది?” అని అడిగారు. కుర్రాడు చొక్కా పైకెత్తి వీపు చూపించాడు.

బలవంతంతో చేసిన నేరానికి బాధితుడిని శిక్షించకుండా వదిలే వీలుండాలని ఆ 2005 ఒప్పందంలో ఉంది. బ్రిటన్ 2015 చట్టంలో కూడా, కొన్ని తీవ్ర నేరాలు మినహాయించి, అలాంటి రక్షణ ఉంది. చాలాచోట్ల మాత్రం బయటపడ్డవాళ్ళకి మొదట ఎదురయ్యేది వీసా జరిమానా, లేకపోతే మోసం కేసు. 2025 ఫిబ్రవరిలో థాయ్‌లాండ్ సరిహద్దు అవతలి ఆ ప్రాంతాలకి కరెంటు, ఇంధనం, ఇంటర్నెట్ ఆపేసింది. వేలమంది బయటికొచ్చారు. తీరా చూస్తే వాళ్ళని తీసుకెళ్ళే ఏర్పాట్లు లేక, చాలామంది వారాల తరబడి సరిహద్దు శిబిరాల్లోనే ఉండిపోయారు. ఆ చర్య విజయమే, దాని తర్వాతి రోజుకే ఎవరూ సిద్ధంగా లేరు.

ఒక విషయంలో మాత్రం ప్రభుత్వాలు తలుచుకుంటే ఇప్పుడే చేయగలవని నా నమ్మకం. ఉద్యోగం కోసం వెళ్ళే మనిషి దగ్గర ఏజెన్సీలు డబ్బు తీసుకోకూడదని, ఆ ఖర్చు యజమానే పెట్టుకోవాలని గట్టిగా అమలు చేయాలి. ఏజెన్సీలు కార్మికుల దగ్గర ఫీజు వసూలు చేయకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లోనే ఒప్పందం చేసింది. పాస్‌పోర్ట్ పనిమనిషి దగ్గరే ఉండే హక్కు, ఇంటిపనివాళ్ళ కోసం అదే సంస్థ 2011లో చేసిన ఒప్పందంలో ఉంది. ఈ రెంటికీ ఒప్పుకున్న దేశాలు తక్కువే. మొదటి అప్పు లేకపోతే నేను విన్న కథల్లో సగం మొదలయ్యేవే కావు. ఆ అప్పు ఇప్పించింది కూడా ఎవరో ముక్కూముఖం తెలియని మనిషి కాదు. ఎవరూ “ఏజెంటు” అనరు. “మా పిన్ని కొడుకు”, “మా పక్కింటి అన్నయ్య” అంటారు. అందుకే ఫిర్యాదు చేయడానికి నోరు రాదు.

మీ ఎరికలో ఎవరైనా ఇలా చిక్కుకున్నారని అనుమానం ఉండి ఈ ప్రశ్న అడిగి ఉంటే, ఒక్క మాట. ఫోన్ కలిసినప్పుడు “ఎలా ఉన్నావు?” అని అడిగితే “బాగున్నాను” అనే వస్తుంది, పక్కన ఎవరో వింటూ ఉంటారు. అవును, కాదు అని చెప్పగలిగేవే అడగండి. పక్కన ఎవరైనా ఉన్నారా? పాస్‌పోర్ట్ నీ దగ్గరే ఉందా? జీతం చేతికి వస్తోందా? ఒంటరిగా బయటికి వెళ్ళనిస్తున్నారా? ఉన్న చోటు గురించి చిన్న గుర్తు ఏది చెప్పినా రాసి పెట్టుకోండి. వాళ్ళ పాస్‌పోర్ట్ కాపీ, ఏజెంటు పంపిన మెసేజ్‌లు, డబ్బు కట్టిన రసీదులు ఒక్కటీ చెరపకండి. వాటితో రాయబార కార్యాలయానికి, మానవ అక్రమ రవాణా కేసులు చూసే పోలీసు విభాగానికి రాతపూర్వకంగా ఇవ్వండి. ఏజెంటుని మీరే నిలదీయకండి, అక్కడున్న మనిషి చేతిలోంచి ఆ ఫోన్ కూడా పోతుంది. తిరిగి వచ్చాక మాత్రం “అప్పుడే ఎందుకు వచ్చేయలేదు?” అని దయచేసి అడగకండి. ఆ ప్రశ్న వాళ్ళని అధికారులు ముందే అడిగి ఉంటారు.