ప్రోటాన్ చికిత్స: వైద్యుడు కాని వ్యక్తి చూపిన దారి

ప్రశ్న: క్యాన్సర్‌కు చేసే ప్రోటాన్ చికిత్సను కనిపెట్టింది అణుబాంబు తయారీలో పనిచేసిన ఒక భౌతిక శాస్త్రవేత్త అని మా కళాశాలలో ఒక ఉపన్యాసంలో విన్నాను. ఇది నిజమేనా? వైద్యుడు కాని వ్యక్తి ఇందులో చేసినదేమిటి?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: నిజమే. ఆయన పేరు రాబర్ట్ విల్సన్. యుద్ధకాలంలో లాస్ అలమాస్‌లో బాంబు పరిశోధనలో పాల్గొన్న ఈ అమెరికన్, యుద్ధం ముగిశాక హార్వర్డ్ విశ్వవిద్యాలయం కోసం కణాలకు 150 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తినిచ్చి పరుగెత్తించే సైక్లోట్రాన్ అనే యంత్రాన్ని రూపొందించే పనిలో ఉండగా, అంత వేగంగా వెళ్లే ప్రోటాన్లు మనిషి శరీరంలో ఎంత లోతు చేరతాయో, అక్కడ ఏం చేస్తాయో లెక్కకట్టి, 1946లో ‘రేడియాలజీ’ పత్రికలో ఒక చిన్న వ్యాసం ప్రచురించారు. బాంబు తయారీలో పాలుపంచుకున్నందుకు ఇది ఒక విధమైన ప్రాయశ్చిత్తమని తర్వాతి కాలంలో ఆయనే చెప్పుకున్నారు.

ఎక్స్‌రే తన శక్తిలో ఎక్కువ భాగాన్ని చర్మానికి దగ్గరలోనే వదులుతుంది. కణితిని దాటాక కూడా ఆగక, వెనుక ఉన్న ఆరోగ్యకరమైన అవయవాలను తాకుతూ బయటికి పోతుంది. విద్యుదావేశం గల ప్రోటాన్ తీరు వేరు. అది దారిలోని ఎలక్ట్రాన్లకు కొంచెం కొంచెంగా శక్తినిస్తూ నెమ్మదిస్తుంది. నెమ్మదించిన కొద్దీ ఒక్కొక్క పరమాణువు దగ్గర ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి, ఇచ్చే శక్తి కూడా పెరుగుతుంది. చివరి కొద్ది మిల్లీమీటర్లలో మిగిలినదంతా ఇచ్చేసి, అక్కడే ఆగిపోతుంది. దీనినే బ్రాగ్ శిఖరం అంటారు. 150 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల ప్రోటాన్ నీటిలో సుమారు 16 సెంటీమీటర్లు వెళ్లి ఆగుతుంది. శక్తిని మారిస్తే ఆగే చోటూ మారుతుంది.

ఈ శిఖరం విల్సన్ కనిపెట్టినది కాదు. విలియం హెన్రీ బ్రాగ్ ఆల్ఫా కణాలలో దానిని ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్లలోనే గమనించారు. నా దృష్టిలో విల్సన్ గొప్పతనం ఆ తర్వాతి మెట్టులో ఉంది. శిఖరం మిల్లీమీటర్లలో ఉంటే కణితి సెంటీమీటర్లలో ఉంటుంది కదా? అందుకని, ఒక్కో చోట ఒక్కో మందం గల చక్రాన్ని కిరణం దారిలో తిప్పితే, మందమైన భాగం అడ్డువచ్చినప్పుడు ప్రోటాన్లు పైపైనే, పలుచని భాగం వచ్చినప్పుడు లోతుగా ఆగి, కణితి మొత్తం పరుచుకుంటాయని ఆయన అదే వ్యాసంలో సూచించారు. కార్బన్ వంటి బరువైన కేంద్రకాలు కూడా ఒకనాటికి పనికివస్తాయని అందులోనే రాశారు.

సైక్లోట్రాన్ 1949లో పూర్తయ్యే నాటికి ఆయన హార్వర్డ్ వదిలి కార్నెల్‌కు వెళ్లిపోయారు. మనుషులకు ప్రోటాన్లతో తొలి చికిత్స 1954లో బర్క్‌లీలో జరిగింది. అయితే అక్కడ కిరణాన్ని మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి గుండా అవతలికి పోనిచ్చారే తప్ప శిఖరాన్ని వాడుకోలేదు. హార్వర్డ్ యంత్రం మాత్రం 1961 నుంచి 2002 వరకు తొమ్మిది వేల మందికి పైగా రోగులకు ఉపయోగపడింది. ఆలోచన సులువే అయినా అమలు ఇంత ఆలస్యం కావడానికి కారణం ఉంది: కణితి ఎంత లోతులో ఉందో మిల్లీమీటర్ల లెక్కన తెలియకపోతే సరిగ్గా అక్కడే ఆగే కిరణం మేలుకు బదులు కీడు చేస్తుంది, ఆ కొలత సీటీ స్కాన్ వచ్చేదాకా సాధ్యపడలేదు. కాలిఫోర్నియాలోని లోమా లిండాలో ఆసుపత్రి ఆవరణలోనే ప్రోటాన్ చికిత్స 1990లో మొదలైంది. దానికి సింక్రోట్రాన్ అనే మరో రకం కణాల యంత్రాన్ని నిర్మించి ఇచ్చింది అమెరికాలోని భౌతిక పరిశోధనశాల ఫెర్మీల్యాబ్. ఆ సంస్థకు తొలి డైరెక్టరు విల్సనే.

ప్రశ్న: ఆ చక్రాన్ని ఇప్పటికీ వాడుతున్నారా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: కొన్నిచోట్ల వాడుతున్నారు గానీ, దానికో లోపముంది. శిఖరాలను పేర్చిన కొద్దీ కణితికి ముందున్న భాగానికి అందే మోతాదూ పెరుగుతుంది. పైగా కణితి ఆకారాన్ని బట్టి ప్రతి రోగికీ వేరుగా లోహపు అచ్చులు చేయించాలి. ప్రోటాన్‌కు ఆవేశం ఉంది కాబట్టి అయస్కాంతంతో దానిని వంచవచ్చు. 1996లో స్విట్జర్లాండ్‌లోని పాల్ షెరర్ సంస్థ, సన్నని కిరణాన్ని అయస్కాంతాలతో కదిలిస్తూ కణితిని చుక్కలు చుక్కలుగా, పొరలు పొరలుగా నింపే పద్ధతిని రోగులపై ప్రారంభించింది. 2019లో చెన్నైలో మొదలైన ప్రోటాన్ కేంద్రంలోనూ ఈ సన్నని కిరణపు పద్ధతే నడుస్తోంది.