అప్పు పరిమితి పెంచితే అమెరికా ప్రభుత్వానికి కొత్తగా ఖర్చు చేసే అధికారం వస్తుందా?

రాదు; కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) ఇదివరకే ఆమోదించిన ఖర్చులకు తక్కువపడే డబ్బును అప్పు తెచ్చుకునే వీలు మాత్రమే ట్రెజరీకి, అంటే అక్కడి ఆర్థిక శాఖకు, దొరుకుతుంది.

అక్కడ ఖర్చులకు, పన్నులకు ఓటు వేరు, అప్పు ఎంతదాకా చేయొచ్చో చెప్పే ఓటు వేరు. మొదటి దాంతోనే లోటు ఖాయమైపోతుంది. హోటల్లో తిన్నాక బిల్లు కట్టాలా వద్దా అని వాదించుకోవడం లాంటిదే ఈ రెండోది. 1917 నాటి యుద్ధ బాండ్ల చట్టంతో మొదలైన ఏర్పాటు ఇది. పరిమితి పెంచకపోతే పెన్షన్లు, సైనికుల జీతాలు, బాండ్ల వడ్డీ ఆగే ప్రమాదం ఉంది కాబట్టి, ఖర్చు తగ్గిస్తేనే ఓటేస్తామని ప్రతిపక్షం పట్టుబడుతుంది. సూత్రం కన్నా కుర్చీయే ఇక్కడ ఎక్కువ మాట్లాడుతుంది: సెనేటర్‌గా 2006లో పెంపును వ్యతిరేకించిన ఒబామా, అధ్యక్షుడిగా 2011లో అదే పెంపు కోసం రిపబ్లికన్లతో బేరమాడారు.

2023 జనవరి 19న అప్పు 31.4 లక్షల కోట్ల డాలర్ల పరిమితిని తాకింది. ప్రభుత్వోద్యోగుల రిటైర్మెంట్ నిధుల్లో కొత్త పెట్టుబడులు ఆపి, ఇలాంటి సర్దుబాట్లతోనే ట్రెజరీ నెలల తరబడి నెట్టుకొచ్చింది. జూన్ 5 తర్వాత డబ్బు చాలదని ట్రెజరీ మంత్రి జానెట్ యెలెన్ హెచ్చరించారు. కొన్ని ఖర్చులకు కళ్లెం వేసే ఒప్పందం కుదిరి, జూన్ 3న బైడెన్ సంతకం చేశారు. అప్పుడు పరిమితిని పెంచలేదు, 2025 జనవరి 1 దాకా పక్కన పెట్టారు, అంతే.

చాలామంది దీన్ని షట్‌డౌన్‌తో కలిపేస్తారు. షట్‌డౌన్ వచ్చేది ఖర్చుల బిల్లు పాస్ కానప్పుడు. అప్పుడు ఆఫీసులు మూతపడినా బాండ్ల వడ్డీ ఆగదు.