సమాధానం: సంఘం పెత్తనమంతా ఒక్కరి చేతిలోనే ఉంటే

మీరు రాసింది చదివానండీ. ఇరవై మంది ఆడవాళ్ల పొదుపు సంఘం; డబ్బు, పుస్తకం, నిర్ణయాలు అన్నీ అధ్యక్షురాలి దగ్గరే. ఆవిడ నెల రోజులు మంచాన పడేసరికి అప్పులివ్వడమే ఆగిపోయింది. ఇందులో ఆవిడ తప్పు కన్నా ఏర్పాటులోని లోపమే ఎక్కువని నాకనిపిస్తోంది.

1991లో ఆఫ్రికాలోని నైజర్ దేశంలో కేర్ అనే స్వచ్ఛంద సంస్థ మొదలుపెట్టిన మహిళా పొదుపు సంఘాల పద్ధతి చూడండి. డబ్బు పెట్టెకు మూడు తాళాలు. తాళంచెవులు ముగ్గురి దగ్గర, పెట్టె ఇంకొకరింట్లో. సమావేశంలో అందరి ముందూ తప్ప తెరవరు. డబ్బు అందరికీ వినబడేలా లెక్కపెడతారు. పెట్టెలో మిగిలిన మొత్తం ఎంతో అందరూ గుర్తుపెట్టుకుని తర్వాతి సమావేశంలో నోటితో చెప్పాలి. చదువు రానివాళ్లకు కూడా లెక్క మీద పట్టు వచ్చేది ఇక్కడే. ఏడాది తిరిగేసరికి పొదుపూ వడ్డీ వాటాల ప్రకారం పంచుకుని, మళ్లీ ఎన్నిక పెట్టుకుని కొత్తగా మొదలుపెడతారు.

మీ ఎన్నిక మాత్రం చేతులెత్తి వద్దు. ఎదురుగా కూర్చున్న మనిషిని కాదని ఎవరెత్తుతారు? చాటున ఓటుగా గులకరాళ్లు వేయించండి. పాత అధ్యక్షురాలిని పక్కకు నెట్టకండి, కొత్తవాళ్లకు లెక్కలు నేర్పే పని ఆవిడకే అప్పగించండి. అలిగితే సగం మంది ఆవిడ వెంటే పోతారు!

అన్నట్టు, తీసుకున్న అప్పు ఇంట్లో మగవాళ్ల చేతికి పోతోందన్నారు. దానికి తీర్మానాలు చాలవు. ఖాతా అప్పు తీసుకున్న ఆమె పేరునే ఉండాలి, పిన్ నంబరు ఆమెకే తెలియాలి. డబ్బు దేనికో, ఎలా తీరుస్తుందో సంఘం ముందు ఆమే చెప్పాలి.