మిరపకాయలో ప్లసెంటా

ప్రశ్న: నేను ఇంటర్ బైపీసీ, మా అక్క నర్సింగ్. ఇద్దరి పుస్తకాల్లోనూ ‘ప్లసెంటా’ ఉంది. అక్కకేమో కడుపులో బిడ్డది, నాకేమో పువ్వులో అండాశయానిది. పేరు ముందు ఎవరిదండీ?
– ఓ విద్యార్థిని, తెనాలి

జవాబు: ఇద్దరిదీ కాదు తల్లీ, వంటింటిది. లాటిన్‌లో ప్లసెంటా అంటే బల్లపరుపుగా ఉండే ఒక తీపి వంటకం. గ్రీకుల ‘ప్లకూస్’ నుంచి రోమన్లు తెచ్చుకున్న మాట. క్రీ.పూ. 2వ శతాబ్దంలో కేటో అనే పెద్దమనిషి సేద్యం మీద పుస్తకం రాస్తూ, మధ్యలో ఇది చేసే పద్ధతి కూడా చెప్పాడు: పల్చటి పిండి రేకులు, వాటి మధ్య తేనె కలిపిన గొర్రెపాల చీజు. చీజు 14 పౌన్లు, తేనె నాలుగున్నర. ఊరి బంతికి సరిపడా!

1559లో వెనిస్‌లో అచ్చయిన తన శరీరశాస్త్ర గ్రంథంలో రియాల్డో కొలంబో మాయను, అంటే మీ అక్క పుస్తకంలోని ప్లసెంటాని, ఈ గుండ్రటి వంటకంతో పోల్చాడు. నెలలు నిండిన మాయ జానెడు వెడల్పు, అరకిలో బరువు, పోలిక కుదిరింది. జర్మన్లయితే ఇప్పటికీ ‘తల్లి కేకు’ అనే అంటారు.

గేదె ఈనిన రోజు మా నాయనమ్మ దొడ్లోంచి కదిలేది కాదు. ‘మాయ పడిందంట్రా?’ అని పదిసార్లు అడిగేది. ఆ మాయ గుండ్రంగా ఉండదు, పొర మీద బొత్తాలు కుట్టినట్టుంటుంది. కొలంబో మా దొడ్లో నిలబడి ఉంటే ఈ పేరు తట్టేదే కాదు.

పువ్వు దగ్గరికొస్తే రూపం పోయి పని మిగిలింది. బిడ్డ మాయకు అతుక్కున్నట్టు అండాలు అతుక్కునే చోటు కనక, వృక్షశాస్త్రజ్ఞులు అదే పేరు వాడుకున్నారు. తెలుగులో అండన్యాసస్థానం.

పచ్చిమిరపకాయ నిలువునా చీల్చు. గింజలు పట్టుకుని వేలాడే తెల్లటి ఈనె ఉందే, అదే నీ ప్లసెంటా. కారమంతా అక్కడే తయారవుతుంది. గింజకున్నది అంటుకున్న కారమే. బజ్జీలకు గింజలు తీసేస్తే ఘాటు తగ్గుతుందని నేనూ చాలాకాలం నమ్మాను. నిజానికి గింజలతోపాటు ఈనె కూడా ఊడొస్తుంది, అదీ సంగతి. నమ్మకపోతే కాయ కొన ఒకసారి, ఆ ఈనె ఒకసారి నాలుకకి తాకించి చూడు. మజ్జిగ గ్లాసు మాత్రం ముందే పక్కన పెట్టుకో.