ఉప్పుగాలిలో చిన్న కంప్యూటరు

ప్రశ్న: మా అబ్బాయి సంక్రాంతికి వచ్చినప్పుడు రాస్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటరు బోర్డును ఒక ప్లాస్టిక్ డబ్బాలో అమర్చి, టీవీ కింది అరలో పెట్టి వెళ్ళాడు. ఇంట్లోవాళ్ళ ఫోటోలు, మావారు పాడుకున్న త్యాగరాజ కీర్తనల రికార్డింగులు అందులోనే ఉన్నాయి. ఫోటోలను ముఖాలవారీగా వేరుచేసే ప్రోగ్రాము కూడా పెట్టాడు. ఏప్రిల్ చివరి నుంచి మధ్యాహ్నం పూట పాట మధ్యలో తెగిపోతోంది. తెర మూల ఎర్రటి థర్మామీటరు బొమ్మ సగం నిండి కనిపిస్తోంది. డబ్బాకు కన్నాలు వేయించమని ఒకరు, ఫ్యాను పెట్టించమని మరొకరు అంటున్నారు. మా బాల్కనీలోంచి సముద్రం కనిపిస్తుంది. ఏం చేయమంటారు?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, లాసన్స్ బే కాలనీ, విశాఖపట్నం

జవాబు: టీచరు గారూ, డబ్బా జోలికి వెళ్ళకముందే ఆ రికార్డింగులను రెండు పెన్‌డ్రైవ్‌లలోకి కాపీ చేయించండి. ఈ రోజే చేయించండి. బోర్డు పోతే ఇంకొకటి కొనవచ్చు కాని మీవారి గొంతు ఏ అంగడిలోనూ దొరకదు.

ఇక ఆ బొమ్మ సంగతి. ప్రాసెసరు (బోర్డు మీద లెక్కలన్నీ చేసే ముఖ్యమైన చిప్పు) వేడి 80 డిగ్రీలు దాటితే థర్మామీటరు సగం నిండి కనిపిస్తుంది, 85 దాటితే పూర్తిగా నిండుతుంది. 80 దగ్గరి నుంచే బోర్డు తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. అంటే అది కాలిపోవడం లేదు, కాలిపోకుండా కాపాడుకుంటోంది. ఒకవేళ పసుపు రంగు మెరుపు గుర్తు కూడా కనిపిస్తే అది వేడి సమస్య కాదు, కరెంటు చాలడం లేదని. ఈ బోర్డుకు 5 వోల్టులు, 3 ఆంపియర్లు ఇచ్చే చార్జరు కావాలి. పాత ఫోను చార్జరు తగిలించి ఉంటే ముందు దాన్ని మార్చండి.

మన ఊరి వేడి గురించి చాలామంది పొరపాటు పడుతుంటారు. మే నెలలో మనల్ని ఉడికించేది ఉక్కపోత. గాలిలో తేమ ఎక్కువై చెమట ఆరదు. బోర్డుకు చెమట పట్టదు కాబట్టి ఆ బాధ దానికి లేదు. దానికి లెక్క చుట్టూ ఉన్న గాలి ఎన్ని డిగ్రీలన్నదే. గాలి పది డిగ్రీలు పెరిగితే ప్రాసెసరు వేడి కూడా దాదాపు అంతే పెరుగుతుంది. ఆ లెక్కన విజయవాడలోని బోర్డు కన్నా మీ బోర్డు అదృష్టవంతురాలే. మరి 80 ఎలా దాటింది? ఆ అరలో ఇంకా ఏమేం ఉన్నాయో చూడండి. సెట్‌టాప్ బాక్సు, వైఫై రూటరు ఉంటే వాటి వేడి అంతా అక్కడే నిలిచిపోతుంది. మధ్యాహ్నం ఓ గంట సేపు అక్కడ గది థర్మామీటరు ఉంచితే మీకే తెలుస్తుంది. పైగా ప్లాస్టిక్ వేడిని బయటికి పోనివ్వదు. మీ వంటింట్లో హాట్‌బాక్సు ఇడ్లీలను ఎలా వేడిగా ఉంచుతుందో, మూసిన డబ్బా ప్రాసెసరును అలాగే ఉంచుతోంది.

ఫ్యాను పెడితే వేడి తగ్గుతుంది, అందులో అనుమానం లేదు. కాని మీ ఇంటికి నేను ఫ్యాను చెప్పను. మాది పెద వాల్తేరు. 2021లో నా బోర్డుకు అగ్గిపెట్టెంత ఫ్యాను బిగించాను. రెండో వర్షాకాలం వచ్చేసరికి అది గరగరమని అరవడం మొదలుపెట్టింది. విప్పి చూస్తే మరలు తుప్పు పట్టాయి, రెక్కలకు జిడ్డుగా దుమ్ము అంటుకుంది, యూఎస్‌బీ రంధ్రాల లోహం మీద మచ్చలు వచ్చాయి. మీ కిటికీ ఊచలను తినేసే ఉప్పుగాలినే ఆ ఫ్యాను రోజంతా లోపలికి లాగింది. ఆ ఉప్పు, గాలిలోని తేమను పీల్చుకుని లోహాన్ని తడిగా ఉంచుతుంది. ఆ బోర్డు వేడి వల్ల పోలేదు, ఉప్పు వల్ల పోయింది. ఆ రోజు నుంచి ఈ మాట అడిగిన ప్రతివారికీ చెబుతున్నాను: సముద్రం పక్కన ఇల్లున్నవారు గాలిని లోపలికి రానివ్వకుండా, వేడిని మాత్రమే బయటికి పంపే దారి చూడాలి.

ఆ దారి అల్యూమినియం డబ్బా. దాని మూతకు లోపలివైపు ఒక దిమ్మ ఉంటుంది. ప్రాసెసరుకూ ఆ దిమ్మకూ మధ్య వేడిని దాటించే మెత్తటి థర్మల్ ప్యాడు ముక్క పెట్టి బిగిస్తే డబ్బా మొత్తం వేడిని బయటి గాలికి వదులుతుంది. అల్యూమినియం ప్లాస్టిక్ కన్నా వందల రెట్లు బాగా వేడిని మోస్తుంది. ప్యాడుకు రెండు వైపులా పల్చటి పొర అంటించి ఉంటుంది, రెండూ ఒలిచారో లేదో దగ్గరుండి చూడండి. ఒక పొర మిగిలిపోయి, కొత్త డబ్బా కూడా పనిచేయడం లేదని నా దగ్గరికి తెచ్చినవారున్నారు. డబ్బా పైన చేయి పెడితే వెచ్చగా తగులుతుంది, కంగారు పడకండి. లోపలి వేడి బయటికి వస్తోందనడానికి అదే గుర్తు. లోహం వైఫైని కొంత అడ్డుకుంటుంది కాబట్టి రూటరు నుంచి తీగ లాగించండి. డబ్బాను అరలోంచి తీసి, టీవీ పక్కన గోడకు అంటకుండా ఉంచండి.

కన్నాలు మాత్రం వద్దు. ఉప్పూ చీమలూ రెండూ దూరతాయి.

పాట వినిపించడానికి ఆ ప్రాసెసరుకు పెద్ద శ్రమ లేదు. దాన్ని అలసటకు గురిచేస్తున్నది ముఖాలు వెతికే పని అని నా అనుమానం. దాన్ని రాత్రి రెండు గంటలకు మార్చమని మీ అబ్బాయికి ఫోను చేసి చెప్పండి. కొత్త డబ్బా వచ్చేలోగా ఈ ఒక్క మార్పుతోనే మధ్యాహ్నం కీర్తన తెగకుండా వినవచ్చు.

ప్రశ్న: నా రాస్‌బెర్రీ పై 5 ఫ్యాను ఊరికే తిరుగుతూ, ఆగుతూ ఉంటుంది. వేడి 65 చూపిస్తోంది. పాడైందా?
– డిప్లొమా విద్యార్థి, పెందుర్తి

జవాబు: పాడవలేదు బాబూ. ఆ బోర్డు కోసమే అమ్మే ఫ్యాను 50 డిగ్రీల దగ్గర మెల్లగా మొదలై 60, 67.5, 75 దగ్గర ఒక్కో మెట్టు వేగం పెంచుకుంటుంది. చల్లబడితే ఆగుతుంది. 65 దానికి మామూలే. మీరు సముద్రానికి దూరంగా ఉన్నారు, ఫ్యాను ఉంచుకోండి. నెలకోసారి కరెంటు తీసేసి, మెత్తటి బ్రష్షుతో రెక్కల మధ్య దుమ్ము దులపండి.