పాత పేటలో సెట్‌బ్యాక్ సడలింపుకు ఇరుగుపొరుగు సంతకాలు పనికొస్తాయా?

అడిగింది ఇది: చెన్నై జార్జ్ టౌన్‌లో, మింట్ స్ట్రీట్ పక్క సందులో తాతల నాటి మిద్దె ఇల్లు. ముందు అరుగు, మధ్యలో మండువా. వెనక భాగం పాడైంది. అక్కడ కొత్తగా అంతస్తులు లేపి కింద కొట్టు పెట్టుకోవాలని ఉంది, సెట్‌బ్యాక్ (హద్దుకూ కట్టడానికీ మధ్య వదలాల్సిన ఖాళీ) చాలదు. వీధిలో అందరి చేతా సంతకాలు పెట్టించి సీఎండీఏకి (చెన్నై మహానగర అభివృద్ధి సంస్థకు) ఇస్తే సడలింపు వస్తుందా?

సంతకాలు పనికొస్తాయి, ఓట్ల లెక్కన మాత్రం పనికిరావు. మీతో గోడ పంచుకున్న ఇద్దరు, వెనక ఇంటివాళ్లు, ఎదురింటివాళ్లు విడివిడిగా రాసిచ్చిన నాలుగు ఉత్తరాల ముందు యాభై సంతకాల కట్ట తేలిపోతుంది. ఫైలు చూసేవాళ్లకు తెలియాల్సింది రెండే: ఈ సడలింపు వల్ల ఎవరికి ఏం ఇబ్బంది, దాన్ని మీరు ఎలా ఆపుతున్నారు.

సంతకాలకు బయల్దేరేముందు అసలు సడలింపు అవసరమో లేదో చూసుకోండి. మీ బ్లాక్ నంబరు, టౌన్ సర్వే నంబరు పట్టుకుని మీ స్థలం ఏ జోన్‌లో ఉందో, ‘కంటిన్యువస్ బిల్డింగ్ ఏరియా’ పరిధిలోకి వస్తుందో లేదో అడగండి. గోడకు గోడ ఆనుకుని ఉండే పాత పేటల కోసమే ఆ వర్గం ఉంది. అందులో ఉంటే పక్క సెట్‌బ్యాక్ అక్కర్లేదు, సగం సమస్య అక్కడే తీరుతుంది. లేకపోతే మీ కష్టం స్థలం ఆకారం వల్ల వచ్చిందని అంకెల్లో చూపాలి. 12 అడుగుల వెడల్పు స్థలంలో రెండు పక్కలా 1.5 మీటర్ల చొప్పున వదిలితే మిగిలేది 66 సెంటీమీటర్లు. ఈ ఒక్క లెక్క రెండు పేజీల విన్నపం కన్నా బలంగా మాట్లాడుతుంది.

దరఖాస్తు దారి కూడా సరిగ్గా ఎంచుకోండి. స్థలం వాడుక జోనే మార్చాలంటే పత్రికా ప్రకటన, అభ్యంతరాల గడువు ఉన్న వేరే ప్రక్రియ. ఒక్క కట్టడానికి నిబంధన సడలించాలంటే 1971 నాటి తమిళనాడు టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ చట్టం 113వ సెక్షన్ కింద మినహాయించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిది. 113-ఏ అనేది అనుమతి లేకుండా అప్పటికే కట్టేసినవాటి కోసం తెచ్చింది. రెండూ ఒకటే అనుకుని ముందు కట్టేసి తర్వాత చూసుకుందామంటే నోటీసు చేతికొస్తుంది.

ఇరుగుపొరుగు ఒప్పుకున్నా తీరనివి కొన్ని ఉన్నాయి. మెట్ల వెడల్పు, అగ్నిమాపక భద్రత, కట్టడం బలం ఎవరి సంతకంతోనూ సడలవు. ఫోర్ట్ సెయింట్ జార్జ్ లాంటి కేంద్ర రక్షిత కట్టడం దగ్గర్లో ఉంటే ఇంకా జాగ్రత్త. రక్షిత హద్దు నుంచి 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణం నిషేధం, ఆ పైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. కొలత కట్టడం గోడ నుంచి కాకుండా రక్షిత స్థలం హద్దు నుంచి మొదలవుతుంది. నిషేధిత భాగంలో 1992 జూన్ 16కు ముందు నుంచీ ఉన్న ఇంటికి మరమ్మతు అడగవచ్చు, దానికీ ముందస్తు అనుమతి కావాలి.

ఇక అసలు సంగతి, ఉమ్మడి గోడ. పక్కింటివాళ్లు సంతకం పెట్టకపోతే కారణం చాలాసార్లు అసూయ కాదు, భయం. మీ పాత తరహా మిద్దె కప్పులో, అంటే మద్రాస్ టెర్రస్‌లో, బర్మా టేకు దూలాలు, వాటి మీద సున్నంతో ఐమూలగా నిలబెట్టి పేర్చిన సన్న ఇటుకలు. ఆ దూలాల కొనలు ఉమ్మడి గోడలోనే దిగి ఉంటాయి. మీ వైపు దూలాలు తీసేస్తే ఆ గోడ ఒక పక్క ఊతం కోల్పోతుంది. కాబట్టి సంతకం అడిగేముందే ఇవి రాసివ్వండి. కూల్చడానికి ముందు వాళ్ల గదులన్నీ ఇద్దరూ కలిసి ఫొటోలు తీసుకుంటారు. ఉన్న ప్రతి పగులు మీదా అడ్డంగా సన్న గాజు ముక్క అతికించి తేదీ రాస్తారు. గాజు చిట్లితే పగులు కదిలినట్టు, ఆ రోజే పని ఆగుతుంది. వాళ్ల పునాది పక్కన ఒకే సారి పొడవుగా తవ్వరు. ఒక్కో మీటరు చొప్పున, ఒకటి విడిచి ఒకటి తవ్వి నింపుతారు. దూలాలు తీసిన గూళ్లు సున్నం, ఇటుకతో అదే వారం పూడుస్తారు. సిమెంటు పూత వద్దు. సున్నపు గోడలో తేమ బయటికి పోలేక ఉప్పు పొంగి పెచ్చులు ఊడతాయి. కూల్చే పని జనవరి తర్వాత పెట్టుకుని, అక్టోబరు వానలు మొదలయ్యేలోపు గోడ తల మూసేయండి. ఇంత రాసిచ్చాక కూడా వద్దనేవాళ్లు తక్కువే.

వీధి ముఖం గురించి నా మాట కఠినంగానే ఉంటుంది: అరుగు, ముందు వరస స్తంభాలు, తలుపు ఎలా ఉన్నవి అలా ఉంచండి. అరుగులు పోతే ఆ సందుకు మిగిలేది షట్టర్లే. కొత్త అంతస్తు ఎంత వెనక్కి జరపాలో లెక్క తేలిక. సందు వెడల్పు 5 మీటర్లు, ఎదుటి గోడ దగ్గర నిలబడ్డ మనిషి కన్ను 1.5 మీటర్ల ఎత్తులో, మీ పిట్టగోడ పైఅంచు 7.5 మీటర్లలో ఉంటే చూపు 5 మీటర్లకు 6 మీటర్లు పైకి లేస్తుంది. పిట్టగోడ పైన 3 మీటర్ల అంతస్తు కనబడకూడదంటే దాన్ని 2.5 మీటర్లు వెనక్కి జరపాలి. ఈ గీతను సెక్షన్ డ్రాయింగ్‌లో (ఇంటిని నిలువుగా కోసినట్టు చూపే పటంలో) వేయించి అందరికీ చూపండి.

ఉత్తరం నమూనా: “ఫలానా డోర్ నంబరు యజమానిని. ఫలానా తేదీ నాటి డ్రాయింగ్ షీటు 3 చూశాను. వెనక సెట్‌బ్యాక్ ఇంత ఉండాల్సింది ఇంతే వదులుతున్నారని తెలుసు. మా వంటింటి కిటికీకి వెలుతురు తగ్గకుండా బావి పక్క భాగం ఖాళీగా ఉంచుతామన్నారు. ఆ షరతు మీద నాకు అభ్యంతరం లేదు.” ఒకే జిరాక్సు మీద పేర్లు మార్చి ఇస్తే విలువ ఉండదు. తమిళంలోనో ఇంగ్లిష్‌లోనో రాసింది తెలుగు మాత్రమే చదవగల పెద్దవాళ్లకు ఇస్తుంటే తెలుగు ప్రతి కూడా జత చేసి, రెండింటి మీదా సంతకం తీసుకోండి. అద్దెకున్నవాళ్లు అద్దెవాళ్లమని రాయాలి. ఇల్లు పంపకం కాని అన్నదమ్ములదైతే ఒక్కరి సంతకం అందరిదీ కాదు. దేవస్థానం, ట్రస్టు ఆస్తి అయితే తీర్మానం నకలు కావాలి. సంతకానికి డబ్బు ఇవ్వకండి. బయటపడితే నిజంగా ఇచ్చిన ఉత్తరాలు కూడా చెల్లకుండా పోతాయి.

కింద కొట్టు అన్నారు కాబట్టి సరుకు దించే వేళలు, బండి ఎక్కడ ఆగుతుందో అదే ఫైల్లో రాయండి. కొత్తవాల్ చావడి కూరగాయల టోకు బజారు 1996లో కోయంబేడుకు వెళ్లినా, ఆ సందుల్లో మూటల బండ్ల బాధ తగ్గలేదు, మొదటి అభ్యంతరం అక్కడి నుంచే వస్తుంది. అభ్యంతరం చెప్పినవాళ్ల మాట దాచకుండా, దాని పక్కనే మీ జవాబు పెట్టండి. అనుమతి వచ్చాక షరతులతో సహా నకలు ఉత్తరం ఇచ్చిన ప్రతి ఇంటికీ ఇచ్చి రండి. పని మొదలైన రోజు గాజు ముక్కలు చూసేది వాళ్లే.