జైలు నుంచి వచ్చిన తమ్ముడు చర్చికి వెళ్తున్నాడు, నమ్మొచ్చా?

మీ తమ్ముడు దొంగతనం కేసులో జైలుకెళ్ళి వచ్చాక ప్రతి ఆదివారం చర్చికి వెళ్తున్నాడనీ, ఇలాంటివాళ్ళు నిజంగా మారతారా, ఇది నాలుగు రోజుల ముచ్చటేనా అనీ అడిగారు. మా ఇంట్లో జరిగింది చెప్తాను.

మాది స్టూవర్టుపురం. చీరాల, బాపట్ల మధ్య రైల్లో వెళ్తుంటే ఆ స్టేషన్ బోర్డు కనపడుతుంది. మా ఊరి పేరు వినగానే ఎదుటివాళ్ళు సంచి దగ్గరికి లాక్కోవడం నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. మేం ఎరుకల వాళ్ళం. పూర్వం మా వాళ్ళు గాడిదల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని ఊరూరా అమ్మేవాళ్ళు, బుట్టలు అల్లేవాళ్ళు. రైళ్ళు వచ్చాక ఆ వ్యాపారం దెబ్బతింది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం క్రిమినల్ ట్రైబ్స్ చట్టం చేసి, తర్వాత మద్రాసు రాష్ట్రంలోనూ అమల్లోకి తెచ్చింది. మనిషి ఏ తప్పూ చెయ్యక్కర్లేదు, ఆ కులంలో పుడితే చాలు, దొంగల జాబితాలోకి ఎక్కేవాడు. 1913లో ఆ జాబితాలో వాళ్ళని కాపలాలో ఉంచడానికి మా ఊరిని సెటిల్‌మెంట్‌గా పెట్టి, నడిపే పని సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకి అప్పగించారు. అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. హాజరు వేయించుకోవాలి. మా తాత అక్కడే పుట్టాడు. 1952లో ఆ చట్టం దేశమంతటా రద్దయ్యేనాటికి ఆయనకి పాతికేళ్ళు.

అంటే చిన్నప్పటి నుంచీ పాటలూ ప్రార్థనలూ వింటూనే పెరిగాడు. ఏదీ ఒంటికి పట్టలేదు. కాపలా మధ్య వినే దేవుడి మాట కూడా కాపలాలాగే ఉండేదట. చట్టం పోయాక దొంగతనాలకు వెళ్ళాడు, రెండుసార్లు జైలుకీ వెళ్ళాడు. ఇది దాచాల్సిన సంగతి అని నేననుకోను, ఆయనే కూడికల్లో నిలబడి సాక్ష్యం చెప్పేవాడు.

రెండోసారి జైలు నుంచి వచ్చాక ఒక సాయంత్రం ప్రార్థన కూడికలో ఎవరో బైబిల్లోని రోమా పత్రిక మూడో అధ్యాయం చదివారు. "ఏ భేదమును లేదు, అందరును పాపముచేసి..." అనే మాట. అందరూ పాపులే అంటే చాలామందికి అది తిట్టులా వినపడుతుంది. మా తాతకి మాత్రం విడుదలలా వినపడింది. పుట్టుకతోనే దొంగవి అని ప్రభుత్వమే కాగితం మీద రాసిపెట్టిన మనిషి ఆయన. అలాంటివాడిని మొదటిసారి కరణంతో, ఇన్‌స్పెక్టరుతో, కలెక్టరుతో ఒకే వరసలో నిలబెట్టిన మాట అది. "నేనొక్కణ్ణే కాదంట" అని ఇంటికొచ్చి మా నాయనమ్మతో చెప్పి ఏడ్చాడట. ఆయనలో మార్పు అక్కడే మొదలైందని నా నమ్మకం.

ఒక్క రాత్రిలో అంతా అయిపోలేదు. సాల్వేషన్ ఆర్మీలో బాప్తిస్మం ఉండదు. జెండా కింద నిలబడి సైనికుడిగా, అంటే సభ్యుడిగా, ప్రమాణం చేస్తారు, మందు ముట్టనని కూడా అందులో ఉంటుంది. తాత ప్రమాణం చేశాక కూడా రెండుసార్లు తాగాడు. రెండుసార్లూ వెళ్ళి ఒప్పుకున్నాడు. మూడోసారి జరగలేదు.

ఆ తర్వాత బైబిల్లో పన్నులు వసూలు చేసే జక్కయ్య కథ ఆయన్ని పట్టుకుంది. అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు కదా జక్కయ్య. తాత ఎప్పుడో ఒక రైతు ఇంట్లోంచి రెండు ఇత్తడి బిందెలు ఎత్తుకొచ్చాడు. ఇంట్లో ఉన్న ఒక్క గేదెనీ అమ్మి ఆ డబ్బు పట్టుకుని ఆ రైతు ఊరికి బయల్దేరాడు. పిల్లలకి పాలు లేకుండా చేశాడని నాయనమ్మ చాలా రోజులు మాట్లాడలేదు. ఆమె కోపం న్యాయమైనదేనని నాకిప్పటికీ అనిపిస్తుంది.

ఆ ఊళ్ళో ఏమైందంటే, ఇల్లు చూసుకుని పోవడానికి వచ్చాడనుకుని నలుగురూ కొట్టి పోలీసులకి పట్టించారు. రాత్రంతా స్టేషన్లో ఉంచారు. నెల తర్వాత మళ్ళీ వెళ్ళాడు, తలుపు తియ్యలేదు. మూడోసారి ఆ ఇంటి పెద్దావిడ బయటికొచ్చి డబ్బు లెక్కపెట్టి, రెండు బిందెల ఖరీదు ఉంచుకుని మిగతాది అరుగు మీద పెట్టింది. "ఇది చాలు, ఎండగా ఉంది, మజ్జిగ తాగి పో" అన్నదట. ఆ మజ్జిగ మాట చెప్పేటప్పుడు తాత గొంతు ప్రతిసారీ పూడుకుపోయేది.

విశ్వాసం ఒక్కటే మా ఊరిని మార్చిందని నేను చెప్పను. 1970లలో సంఘసంస్కర్తలు లవణం గారు, హేమలత గారు వచ్చి పనిచేశారు. వాళ్ళు నాస్తికులు. మా పెద్దవాళ్ళు వాళ్ళ పేరు ఇప్పటికీ గౌరవంగా తలుచుకుంటారు. చదువులూ ఉద్యోగాలూ కూడా కారణమే. కానీ మా తాత చేతిలో గేదె డబ్బు పెట్టి ఆ గుమ్మం ముందుకి మూడుసార్లు నడిపించింది మాత్రం ఆయన నమ్మిన క్రీస్తే. నేను ఆయన్ని చూస్తూ పెరిగాను కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పగలను.

ఆయన మారాక కూడా చుట్టుపక్కల ఎక్కడ దొంగతనం జరిగినా ముందు మా తలుపే కొట్టేవాళ్ళు. ఇరవై ఏళ్ళు అలాగే సాగింది. ఆయన మారడానికి పట్టిన కాలం కంటే జనం నమ్మడానికి పట్టిన కాలం చాలా ఎక్కువ.

అందుకే మీ తమ్ముడు ఎన్ని ఆదివారాలు వెళ్తున్నాడో లెక్కపెట్టకండి. ఎవరికైనా బాకీ ఉన్నానని ఎప్పుడైనా అంటే, తీర్చడానికి వెళ్ళేటప్పుడు మీరూ పక్కన వెళ్ళండి. మా తాత మూడుసార్లూ ఒక్కడే వెళ్ళాడు.